బావిలో నీళ్లు లేచిన ఏడాది

మొన్న పొద్దున తెల్లాపూర్‌లో, మా అమ్మాయి వాళ్ల ఫ్లాట్‌లో, మనవరాలికి జడ వేస్తుంటే భూమి కదిలింది. మొదట నాకే కళ్లు తిరిగాయేమో అనుకున్నాను. తిరిగే వయసే కదా. తీరా చూస్తే బాల్కనీలో ఆరేసిన బట్టలు గాలి లేకుండానే ఊగుతున్నాయి, షెల్ఫులో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. పిల్లను చంకనేసుకుని మెట్ల మీదుగా దిగడం మొదలుపెట్టాను. అన్ని అంతస్తులూ ఎలా దిగానో నా మోకాళ్లకే తెలియాలి.

కింద పార్కింగ్‌లో అందరూ చేరారు. ఒకాయన సగం గడ్డం గీసుకుని వచ్చాడు. ఒకావిడ ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఇంకో చేత్తో కుక్కపిల్ల. అందరూ ఫోన్లలో మీకూ తెలిసిందా, మీకూ తెలిసిందా అని అడగడమే. కాసేపటికి నవ్వులు మొదలయ్యాయి, ఇంకాసేపటికి లిఫ్టుల ముందు వరస కట్టారు. నేను మాత్రం అక్కడే ఒక అరుగు మీద కూర్చుండిపోయాను. పక్క ఫ్లాట్ అమ్మాయి వచ్చి, “ఏం కాలేదు ఆంటీ, పైకి రండి,” అని చెయ్యి అందించింది.

మంచి పిల్ల. దాని మీద నాకు కోపం రావలసిన పని లేదు, కానీ వచ్చింది. భూమి కదిలినప్పుడు పైన గోడ పడితే ఆ పూటే కనబడుతుంది. కింద ఏం పడిందో తెలియడానికి ఏళ్లు పడుతుంది. నా చిన్నప్పుడు భూమి ఊగిన రోజు మా ఊళ్లో కూడా అందరూ ఏం కాలేదనే అన్నారు.

మా ఊరు పటాన్‌చెరు దాటాక, రుద్రారం వైపు పోయే పెద్దరోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండేది. ఉండేది అనే అనాలి. ఇప్పుడక్కడ ఊరి పేరుతో బస్టాపు ఉంది, దాని చుట్టూ గోదాములు ఉన్నాయి. ఊరి వెనక ఒక రాళ్లగుట్ట. గుట్టకు ఇవతల మేము, మా పొలం, మా బావి. అవతల కంపెనీ. అక్కడ మందుల్లో కలిపే ఏవో పొడులు చేసేవారు. మురికినీళ్లు వదలడానికి గుట్టను ఆనుకుని పెద్ద గుంత తవ్వారు. అందులో నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు టీ రంగులో ఉండేవి. గుట్ట అడ్డం ఉంది కాబట్టి ఆ నీళ్లు మా వైపు రావని ఊళ్లో అందరి ధీమా. ఆ గుట్ట దేవుడు మనకు కట్టిన గోడ అనేది మా నాయనమ్మ. ఆ తర్వాత ఎవరో దాన్ని కంకర కొట్టి లారీల్లో పట్టుకుపోయారు, అది వేరే సంగతి.

నీళ్లు రాకపోయినా వాసన మాత్రం గుట్టెక్కి వచ్చేది. సాయంత్రం అమ్మ జొన్నరొట్టెలు కాల్చే వేళకు సరిగ్గా దిగేది. ఒక పక్క పొయ్యి మీద రొట్టె కాలే వాసన, పచ్చిపులుసు కోసం నిప్పుల్లో కాల్చిన మిరపకాయ వాసన. ఇంకో పక్క అది. పిల్లలం దాంతో ఒక ఆట కట్టుకున్నాం. గుట్ట వైపు ముక్కు పెట్టి ఇవాళ ఏ వాసనో ముందుగా చెప్పాలి. కుళ్లిన జామకాయ, కాలిన టైరు, దవాఖాన. ముందు చెప్పినవాళ్లకు మిగతావాళ్లు తలా ఒక పిడికెడు మక్కగింజలు ఇవ్వాలి. మా తమ్ముడు ప్రతిసారీ దవాఖాన అనేవాడు, సగం రోజులు గెలిచేవాడు.

ఆ ఏడాదికి మా బావి దాదాపు ఎండిపోయింది. వానలు సరిగ్గా లేవు, కంపెనీ బోర్లు రాత్రీ పగలూ లాగుతున్నాయి. బావి అడుగున నేనూ తమ్ముడూ గోలీలాడుకునేవాళ్లం. నాయన దిగి పూడిక తీసి తీసి, చివరికి భూమి కంపెనీ వాళ్లకే అమ్మేద్దామనుకున్నాడు. మా మేనమామ పోతిరెడ్డిపల్లిలో ఉండేవాడు, బడిపంతులు. ఆయన ఇంటి దగ్గరే ఇల్లు చూసుకుని, మమ్మల్ని సంగారెడ్డి బడిలో వేయాలని అమ్మ ఆశ. పైకి అనేది కాదు. కానీ పాత చాటలు, కుండలు ఒక్కొక్కటే ఊళ్లో పంచిపెట్టడం మొదలుపెట్టింది. రోలు పక్కింటి పెద్దమ్మకు ఇచ్చేసింది. రోలు ఇచ్చిందంటే ఇక ఊరు విడిచినట్టేనని నాకు అర్థమైంది.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం భూమి ఊగింది. నేను పొయ్యి ముందు కూర్చుని కట్టెలు తోస్తున్నాను. పెనం మీది రొట్టె జారి బూడిదలో పడింది. నేనేదో చేశాననుకుని అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. ఇంతలో గూట్లో వరసగా పెట్టిన గిన్నెలన్నీ గలగలా కిందికొచ్చాయి. కింద నుంచి పెద్ద లారీ పోతున్నట్టు మూలుగు. కొట్టంలో బర్రె పలుపు తెంపుకుంది. బయటి నుంచి నాయన అరిచాడు.

“పిల్లల్ని తీసుకొని బయటికి రాండ్రి! అమ్మా, లే!”

మేం వాకిట్లోకి వచ్చేసరికి అయిపోయింది. గుట్ట మీద నుంచి ఒక బండ దొర్లి ఎవరిదో చేను గట్టున ఆగింది. మా యేసు గుడి గోడకు వెంట్రుక మందం పగులు పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఊరంతా వీధిలో నిలబడి ఒకటే మాట. “ఏం కాలే. దేవుని దయ. ఏం కాలే.” అమ్మ నా వీపు నిమిరి, బూడిద దులిపి ఆ రొట్టె తనే తినేసింది.

ఏం కాలేదన్నారు కానీ ఆ నెలంతా ఊళ్లో ఎవరికీ సరైన నిద్ర లేదు. లారీ పోతే ఉలిక్కిపడటం, పిల్లలు పక్క తడపడం. గుట్ట రాళ్ల సందుల్లో ఉండే పాములు పట్టపగలే వాకిళ్లలోకి వచ్చాయి. మా నాయనమ్మ అయితే ఇంట్లో పడుకోనని భీష్మించింది. వేపచెట్టు కింద మంచం వేయించుకుంది. మాకు అదొక పండగ. తమ్ముడూ నేనూ మంచం కిందికి పాక్కుంటూ పోయి, నులకను భుజాలతో మెల్లగా లేపేవాళ్లం.

“ఓ యేసయ్యా! మళ్ల ఊగుతుంది! లేవుండ్రి!” అని నాయనమ్మ అరుపు. కింద మా ఇకిలింపు వినబడగానే ఆ ప్రార్థన కాస్తా తిట్ల దండకమయ్యేది. “మీ నోట్ల మన్నువడ! దొంగ బాడ్కావ్‌లారా! మీ తాత ఉంటే తోలు దీస్తుండె!”

కొన్నాళ్లకు మేం ఊపకపోయినా ఆమెకు ఊగుతూనే ఉండేది. అన్నం ముందు కూర్చుని గోడ పట్టుకునేది. “ఆగిందా బిడ్డా?” అని అడిగేది. ఆగింది అంటే ఒక ముద్ద తినేది. మాకు సూదులేసే డాక్టరు చెవిలో లోపం అన్నాడు, భయం అన్నాడు, బలానికి గోళీలిచ్చాడు. ఆమె మాత్రం చనిపోయేదాకా ఏదో ఒకటి పట్టుకునే నడిచింది. గట్టి మనిషి, చూస్తుండగానే ఎండు పుల్లలా అయిపోయింది.

భూమి ఊగిన రెండు మూడు రోజులకు నాయన పొలం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరుగెత్తడం మేం అంతకుముందు చూడలేదు.

“బాయిల నీళ్లు లేసినయ్! గోలీలాడిన జాగ మునిగిపోయింది!”

అందరం పోయాం. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా, మడ్డిగా ఉన్నాయి. రోజురోజుకూ పైకొచ్చాయి. వారం తిరిగేసరికి తేటపడ్డాయి. వంగి చూస్తే మా మొహాలు కనబడ్డాయి. అదే వారంలో గుట్ట అవతల గుంత ఎండింది. మేం గుట్టెక్కి చూసి వచ్చాం. అడుగున మట్టి నెర్రెలిచ్చి, పైన తెల్లగా పొక్కు కట్టి ఉంది. వాసన కూడా సగానికి సగం తగ్గింది. మా ఆటలో తమ్ముడు ఓడిపోవడం మొదలైంది.

ఊళ్లో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. పక్కింటి పెద్దమ్మ పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు తెచ్చి బావిలో వేసి మొక్కింది. కాసేపటికి మా గుడి పాస్టరు అయ్యగారు సంఘాన్ని వెంటబెట్టుకొచ్చి, బావి గట్టున పాట పాడించి, ప్రార్థన చేశాడు. పెద్దమ్మ గాజులు ఇంకా మునగలేదు, ఒకటి గడ్డిపోచకు చిక్కుకుని వేలాడుతోంది.

“మా గంగమ్మ ఇచ్చింది చెల్లె,” అంది పెద్దమ్మ అమ్మతో.

“ఎవ్వలిచ్చినా బిందెలు నింపుకో అక్కా,” అంది అమ్మ.

ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ నాయన లేచాడు. మా గుడిలో అదొక పద్ధతి. ఎవరికైనా మేలు జరిగితే అందరి ముందూ లేచి చెప్పాలి. చెప్పింది దేవుని ముందు చెప్పినట్టు లెక్క. నాయన ఎప్పుడూ లేచిన మనిషి కాదు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు చేతులూ ముందు బెంచీ మీద ఆనించి మాట్లాడాడు.

“ఎండిన బాయిల దేవుడు నీళ్లిచ్చిండు. గుట్టవతల కంపును ఆపిండు. ఒక్క వారంల రెండు మేళ్లు చేసిండు. భూమి అమ్ముదామనుకున్న. ఇగ దాన్ని అమ్మను. నా ఇల్లు ఈ నీళ్లే తాగుతది, నా పొలం ఈ నీళ్లే తాగుతది.”

“స్తోత్రం,” అన్నారు అందరూ. ఆడవాళ్ల వైపు నేను అమ్మ పక్కనే చాప మీద కూర్చున్నాను. కొంగు తలమీదికి లాక్కుని, అందరూ అన్నాక అమ్మ కూడా స్తోత్రం అంది. ఆ రోజు ఒక పసిబిడ్డకు బాప్తిస్మం ఉంటే ఆ నీళ్లూ మా బావి నుంచే తెప్పించారు.

ఒక్క వారంలో రెండు మేళ్లు. గుడి నిండా పెద్దవాళ్లు ఉన్నారు. పొలం చేసినవాళ్లు, బావులు తవ్వినవాళ్లు, కంపెనీలో పనిచేసేవాళ్లు. ఆ రెండు మేళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఒక్కరికీ తోచలేదు. గుట్ట మీద మాకున్న నమ్మకం అలాంటిది. రెంటికీ కలిపి ఒకటే ప్రార్థనలో కృతజ్ఞత చెప్పేశారు.

అడక్కుండానే పెద్దమ్మ రోలు తెచ్చి మా వాకిట్లో దించింది. అమ్మ దాన్ని కడిగి పాత చోటనే పెట్టుకుంది.

వరి బాగా పండింది. కోత పండుగ నాడు మా సంఘంలో మొదటి పంట గుడికి తీసుకుపోతారు. వరికంకుల మోపులు, గుమ్మడికాయలు, గంపల్లో గుడ్లు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆ ఏడు నాయన అందరికంటే పెద్ద మోపు మోసుకుపోయాడు. అయ్యగారు ప్రార్థన చేస్తుండగా ఒక పుంజు కట్టు విప్పుకుని బెంచీల మీద ఎగిరింది. కళ్లు మూసుకున్న పెద్దలందరూ ఒక కన్ను తెరిచి చూశారు. ఆ తర్వాత బగారా అన్నం, మాంసం కూర. బియ్యం మావి, నీళ్లు మావి. ముందు బంతిలో కూర్చున్న ఒక ముసలమ్మ ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని అడిగింది.

“బియ్యంల పురుగుకు ఏమన్న మందు వెట్టినవా బిడ్డా?”

“కొత్త బియ్యం గట్లనే ఉంటది అవ్వా, తిను,” అంది అమ్మ, కూర ఇంకో గరిటె వేసి.

కొత్త బియ్యం, కొత్త నీళ్లు. ఆ ఏడాది మా ఇంట్లో అన్నిటికీ అదే జవాబు. పప్పు ఎంతసేపటికీ ఉడకకపోతే కొత్త నీళ్లు. ఇత్తడి బిందె లోపల పచ్చగా పొర కడితే కొత్త నీళ్లు. నీళ్లు కొంచెం తియ్యగా ఉండేవి, మాకు ఆ రుచి నచ్చేది. బావిలో కప్పల అరుపు వినబడక చాలా రోజులైందని తమ్ముడే ముందు కనిపెట్టాడు. మా చేతుల మీద దద్దుర్లు లేచి, గోకితే పుండ్లయ్యాయి. వేపాకు నూరి పూశారు. చూలుతో ఉన్న బర్రె నెలలు నిండకముందే ఈచుకుపోయింది. దూడ కళ్లు తెరవకుండానే బయటపడింది. నాయన దాన్ని పొలం మూల పూడ్చి వచ్చి, కాళ్లు ఆ బావి నీళ్లతోనే కడుక్కున్నాడు.

ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే మా బావికి రావడం మానేశారు. ఎవ్వరూ కారణం చెప్పలేదు. సాక్ష్యం చెప్పిన మనిషి మొహం మీద ఎలా చెబుతారు? పెద్దమ్మ అయితే మోకాళ్లు నొస్తున్నాయి, బావి మెట్లు దిగలేనంది. ఆ మోకాళ్లతోనే నాలుగింతల దూరం పోయి రోడ్డు పక్క బోరింగు నుంచి తెచ్చుకునేది. మా ఇంటి ముందు నుంచి పోతే బాగుండదని చుట్టూ తిరిగి పోయేది. అంత మర్యాద మా ఊరిది.

మర్యాద లేనివాడు మా చిన్నాయన ఒక్కడే. నాయన తమ్ముడు, కంపెనీలో హెల్పరు. ఒక పగలు అన్నానికి వచ్చి, కంచం ముందు కూర్చుని ఉన్నదున్నట్టు అనేశాడు.

“అన్నా, గుంతల నీళ్లు మేం ఎత్తిపోయలే. ఎవ్వలు ఎత్తిపోయలే. మళ్ల నింపినా నిలుస్తలేవు. కిందికి పోతున్నయ్.”

“పోతే పోనీ. నడుమ గుట్ట లేదా?”

“గుట్ట పైన ఉన్నది. భూమి ఊగినంక కింద బండ ఏడ పలిగిందో ఎవ్వలు చూసిండ్రు? నువ్వు బాయి నీళ్లు ఒకసారి మూతి దగ్గర పెట్టుకొని సూడు.”

నాయన కంచం నెట్టేశాడు. “అంటే నేను సంఘం ముందర చెప్పింది అబద్ధమంటవా? దేవుని ముందర అబద్ధం చెప్పిన్నా?”

“గట్లెందుకంటనే? వదినె, నువ్వన్న చెప్పు జెర.”

అమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఇద్దరి వైపూ చూసింది. బావి నీళ్ల చెంబు ఎత్తి, గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని లోపలికి పోయింది. చిన్నాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కింది అమ్మను దవాఖానకు తీసుకుపోవడానికే.

మొదట అమ్మ మొహం పొద్దున్నే ఉబ్బి ఉండేది. “బొద్దుగ అయితున్న, కొత్త బియ్యం వంటబట్టింది,” అని నవ్వేది. తర్వాత కాళ్లు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. తమ్ముడికి అదో ఆట, నొక్కి నొక్కి చూసేవాడు. సంగారెడ్డిలో చూపించారు, అక్కడి నుంచి పట్నం పంపారు. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయన్నారు. ఏ నీళ్లు తాగుతారని డాక్టరు అడిగాడు. నాయన చెప్పాడు. ఆ నీళ్ల వల్లనే అని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అన్నాడాయన. ఊరికి ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. మళ్లీ రాలేదు.

నాయన బావి మీద తుమ్మకంప కప్పేశాడు. భూమి కంపెనీ వాళ్లకే పోయింది. మేం పోతిరెడ్డిపల్లిలో కిరాయికి రెండు గదులు తీసుకున్నాం, మేనమామ ఇంటి పక్కనే. నన్నూ తమ్ముణ్నీ సంగారెడ్డి బడిలో వేశారు. అమ్మ కోరుకున్నదంతా జరిగింది, అమ్మ మాత్రం మంచం మీద ఉంది. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు కొలత పెట్టాడు. ఆ కొలత నాయన చేతిలో ఉండేది. ఊరికంతా నీళ్లు పంచిన మనిషి స్టీలు గ్లాసులో సగం పోసి, కంటి ఎత్తుకు లేపి చూసి ఇచ్చేవాడు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున నేను వాకిట్లో గోరుచిక్కుళ్లు తుంచుతున్నాను. తలుపు తీసే ఉంది. అమ్మ గ్లాసు తీసుకుని, తాగకుండా పట్టుకుని కూర్చుంది.

“బాయి నీళ్లు తేటగయిన వారమే నాకు వాసన ఎర్కయింది,” అంది.

నాయన నిలబడ్డవాడు మంచం పట్టె మీద కూర్చున్నాడు. “మరి చెప్పకపోతివేందే?”

“ఎట్ల చెప్పాలె? అందరి ముందర సాక్ష్యం చెప్పితివి. ఇంట్ల పెండ్లామే తాగకపోతే నీ మాట ఎవ్వలు నమ్ముతరు?”

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది.

“నాకు గూడ వచ్చింది వాసన,” అన్నాడు నాయన. “నువ్వు తాగుతుంటివి గదా. బాగలేకపోతే నువ్వే అంటవనుకున్న. అంటలేవంటే మంచిగనే ఉన్నయేమో అనుకున్న.”

అమ్మ ఆ గ్లాసు తాగేసి ఇంకొంచెం అడిగింది. నాయన లేదని తలూపాడు.

అమ్మ ఆ ఎండాకాలం దాటలేదు. నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, గుడికి కూడా పోయేవాడు. సాక్ష్యాల వేళకు మాత్రం లేచి బయటికొచ్చి చెప్పులు విడిచే చోట నిలబడేవాడు. నా చేతుల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. తమ్ముడు మందుల మీదే నెట్టుకొస్తున్నాడు. భూమి మీద కోపం పెట్టుకుని ఏం లాభం, దానికి ఎవరితోనూ పగ లేదు. కంపెనీ మీద కోపం ఉంది, అది మా ఊరందరిదీ. నాకు సొంతంగా ఉన్న కోపం అమ్మానాయనల మీద. ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ, ఒకే బిందెలో ముంచుకుని తాగిన ఆ ఇద్దరి మీద. ఎవరో ఒకరు ఆ చెంబు నేలకేసి కొట్టి, ఒక్క పూట గట్టిగా పోట్లాడుకుని ఉంటే మా బతుకులు ఇంకో తీరుగా ఉండేవి. ఊళ్లో ప్రతి ఇంట్లో మొగుడూ పెళ్లాలు వీధిలోకొచ్చి మరీ తిట్టుకునేవారు. మా ఇంట్లో ఒక్కనాడూ గొడవ లేదు. మాకు అది చాలా గొప్పగా ఉండేది.